ఆటలో అరటిపండు: వ్యాయామ విద్యయందు వికలాంగ సహపాఠుల స్థానము

విషయ ప్రవేశము

ఆటల గంట మ్రోగగానే తరగతి గది ఖాళీయగును. బాలురందరు ఒక్క పరుగున మైదానము చేరుదురు. అందరికంటె వెనుకగా, పుట్టుకతోనే ఒక కాలు బలహీనమైన బాలుడొకడు చేతికర్ర సాయమున మెల్లగా నడచి వచ్చును. అతడు వచ్చునప్పటికి జట్లు ఏర్పడియుండును. సహపాఠి ఒకడు ఎదురు వచ్చి, "ఎండగా ఉందిరా, నువ్వు వేపచెట్టు కింద కూర్చో. మా వాచీలు, చెప్పులు చూస్తూ ఉండు. స్కోరు కూడా నువ్వే రాయి" అని ప్రేమతోనే చెప్పును. బాలుడు తలయూపి కూర్చుండును. ఆట ముగియును. ఎవరి వస్తువులు వారికి అప్పగించి అతడు మరల తరగతికి నడచును. హాజరు పట్టీలో ఆనాడు అతడున్నాడు. ఆటలో లేడు.

ఈ దృశ్యము ఏదో యొక పాఠశాలకు మాత్రమే చెందినది కాదు. మన పల్లెలలోను పట్టణములలోను చదువుకొన్న ప్రతివారును తమ బాల్యమును తలచుకొన్నచో, అట్టి వేపచెట్టును, దాని క్రింద కూర్చున్న అట్టి సహపాఠిని జ్ఞప్తికి తెచ్చుకొనగలరు. ఇందు ఎవ్వరును అతనిని ఎగతాళి చేయలేదు. ఎవ్వరును గెంటివేయలేదు. అందరును దయతోనే వర్తించిరి. అయినను ఆ గంటలో అతనికి దక్కవలసినది దక్కలేదు. దయ యుండియు న్యాయము ఎట్లు తప్పిపోయినది? ఈ పాఠమున విచారింపవలసిన ప్రశ్న ఇదియే.

పదమును గూర్చి ముందుగా ఒక మాట. పూర్వము వికలాంగులు అను పదమే వ్యవహారమున నుండెను. ఇటీవల ప్రభుత్వ పత్రములందు దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అను పదములు వాడుకలోనికి వచ్చినవి. గౌరవముగల పిలుపు మంచిదే. కాని పిలుపు మారినంత మాత్రమున చూపు మారదు. దివ్యాంగుడని పిలిచి చెట్టు క్రిందనే కూర్చుండబెట్టినచో ఆ బాలునికి ఒరిగినదేమియు లేదు.

ఆటస్థలమునకు గల ప్రత్యేకత

గణితము, చరిత్ర మొదలగు పాఠములు జరుగు గదిలో ప్రతి విద్యార్థికి తన పుస్తకము, తన పలక, తన స్థానము వేరుగా నుండును. ప్రక్కవాడు సహకరింపకున్నను చదువు సాగును. ఆటస్థలమున అట్లు కాదు. అచ్చట ప్రతివాని శరీరమును, దాని నేర్పును, దాని తడబాటును పదిమంది కన్నులయెదుట నుండును. అచ్చట ఒకని ఆట మరియొకని మీద ఆధారపడియుండును. గదిలో అతనికి ప్రశ్న నిచ్చువాడు ఉపాధ్యాయుడు. మైదానమున అతనికి బంతి నిచ్చువాడు సహపాఠి. ఉపాధ్యాయుడు ఎంత మంచివాడైనను, జట్టులోని తొమ్మిదిమంది బంతిని తనవైపు త్రోయనిచో ఆ పదవవాడు మైదానము నడుమ నిలిచియు ఒంటరివాడే.

కావున వికలాంగ విద్యార్థిని వ్యాయామ విద్యలో చేర్చుకొనుట అను విషయమున తోడి విద్యార్థుల వైఖరికి మరి యే పాఠమునందును లేనంతటి ప్రాధాన్యము కలదు.

హక్కు స్థిరపడినది

ఈ విషయమున హక్కు ఉన్నదా లేదా అను చర్చ ముగిసిపోయినది. శారీరక విద్య, క్రీడలు అందరికిని మౌలికమైన హక్కని యునెస్కో సంస్థ 1978లో ఒక అంతర్జాతీయ పత్రమున ప్రకటించెను. 2015లో ఆ పత్రమును సవరించి విస్తరించిరి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 30వ అధికరణము, పాఠశాల వ్యవస్థలో జరుగు ఆటలతో సహా అన్ని క్రీడలందును వికలాంగ బాలలకు ఇతర బాలలతో సమానముగా ప్రవేశముండవలెనని చెప్పుచున్నది. ఈ ఒడంబడికను భారతదేశము 2007లో ధ్రువీకరించెను. తదనుగుణముగా వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. దాని 16వ సెక్షను, విద్యాసంస్థలు వివక్ష చూపక వికలాంగ బాలలను చేర్చుకొని, చదువుతోపాటు క్రీడా వినోదములందును ఇతరులతో సమానముగా అవకాశము కల్పింపవలెనని విధించుచున్నది.

చట్టము బడి తలుపును తెరువగలదు. మెట్ల ప్రక్కన వాలుదారి కట్టింపగలదు. కాని బంతిని అందించు చేయి చట్టమునకు లేదు. ఆ చేయి సహపాఠిది. ఇక ఆ చేతిని నడపించు మనస్సును గూర్చి విచారింపవలెను.

వైఖరిని కొలిచిన విధము

వైఖరి యనగా ఒక వ్యక్తియెడలగాని ఒక విషయమునెడలగాని మనస్సు ముందుగానే ఒక వైపునకు ఒరిగియుండుట. అందు మూడు పాయలు కలవని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒకటి అభిప్రాయము: "అతడు ఆడలేడు" అని తలచుట. రెండవది భావము: జాలిపడుట, జంకుట, విసుగుకొనుట, లేక ఇష్టపడుట. మూడవది వర్తనమునకు సిద్ధపాటు: అతనిని జట్టులోనికి పిలుచుటకు ముందుకు వచ్చుట, లేక చూడనట్లు నటించుట. ఈ మూడును ఎల్లప్పుడును ఒకే దారిని నడవవు. మనస్సునిండ జాలి యుండియు చేయి బంతిని మరియొకని వైపు విసరుట కలదు.

అమెరికా దేశమున 1975లో వచ్చిన చట్టమొకటి, వికలాంగ బాలలకు ఉచితముగా ఇయ్యవలసిన విద్యలో శారీరక విద్యను పేర్కొని మరీ చేర్చెను. తత్ఫలితముగా వికలాంగ బాలలు సాధారణ ఆటల తరగతులలోనికి వచ్చిరి. అప్పుడు తోడి బాలల మనస్సు ఎట్లున్నదో తెలిసికొనవలసిన అవసరము ఏర్పడినది. మార్టిన్ బ్లాక్ అను ఆచార్యుడు 1995లో ఇందుకొక ప్రశ్నావళిని ప్రకటించెను. ముందుగా చక్రాల కుర్చీలో తిరుగు ఒక బాలుని వర్ణన విద్యార్థులకు వినిపింతురు. పిమ్మట కొన్ని వాక్యములు చదివి, ప్రతిదానికిని అవును, బహుశా అవును, బహుశా కాదు, కాదు అను నాలుగింటిలో ఒకదానిని గుర్తింపుమందురు.

ఈ ప్రశ్నావళిలో రెండు భాగములుండుట గమనింపదగినది. మొదటి భాగము, అట్టి బాలుడు మీ ఆటల తరగతిలో నుండుట మీకు సమ్మతమా యని సామాన్యముగా అడుగును. రెండవ భాగము ఒక్కొక్క ఆట నియమమును పట్టి అడుగును. విసరిన బంతిని కొట్టుటకు బదులు, కొయ్యపై నిలిపిన బంతిని కొట్టుటకు అతనిని అనుమతింతురా యనునట్టి ప్రశ్నలు ఇందుండును. మొదటిది మంచి మాటతో తీరిపోవు ప్రశ్న. రెండవది తన గెలుపోటములతో ముడిపడిన ప్రశ్న. "రానిమ్ము, మాకేమి?" అనుట తేలిక. "నీ కొరకు మా నియమమును మార్చుకొందుము" అనుట కష్టము. తరగతి నిజస్వరూపము ఈ రెండవచోట బయటపడును.

ఇట్టి ప్రశ్నావళులతో అనేక దేశములలో జరిగిన పరిశీలనలలో కొన్ని సంగతులు తరచు కానవచ్చినవి. కుటుంబమునందుగాని స్నేహితులలోగాని వికలాంగులు గల బాలలు, మునుపు అట్టివారితో కలిసి ఆడిన బాలలు ఎక్కువ సుముఖముగా నుండుట ఒకటి. చాలచోట్ల బాలురకంటె బాలికలు ఎక్కువ సుముఖత చూపుట మరియొకటి. గెలుపునందు పట్టుదల మిక్కుటముగా గలవారు నియమముల మార్పునకు వెనుకాడుటయు కొన్ని పరిశీలనలలో కానవచ్చినది. అయితే అన్నిచోట్లను ఫలితము ఒకే తీరుగా లేదు. కాగితముపై గుర్తుపెట్టిన జవాబు మైదానమున నడతగా మారునని నమ్మకముగా చెప్పుటకును వీలులేదు.

చెట్టు క్రింద నుండి చూచినప్పుడు

ఇంతవరకు చెప్పినది చేర్చుకొనువారి మనస్సును గూర్చి. చేర్చుకొనబడవలసినవారు ఏమనుచున్నారు? డొనా గుడ్విన్, జేన్ వాట్కిన్సన్ అను ఇద్దరు పరిశోధకులు శారీరక వైకల్యముగల బాలలనే కలిసికొని వారి ఆటల తరగతి అనుభవములను విని, ఆ వివరములను 2000లో ప్రచురించిరి. ఆ బాలల మాటలలో తరగతి దినములు రెండు తెగలుగా విడిపోయినవి: మంచి దినములు, చెడ్డ దినములు.

తాము ఆ గుంపులోనివారమే యని తోచిన నాడు, తమ నేర్పు నలుగురికి కనబడిన నాడు, ఆట వలని మేలు తమకును అందిన నాడు మంచి దినము. తమను పట్టించుకొనకుండ ప్రక్కన వదలిన నాడు, వీడికేమి చేతనగునని సందేహించిన నాడు, ఆటలో కొంత మేరకే చోటిచ్చిన నాడు చెడ్డ దినము. ఇందు గెలుపు ఓటముల ప్రసక్తి లేకుండుట గమనింపవలెను. ఆ బాలలు కోరినది బహుమతిని కాదు. తాము లెక్కలో నుండుటను.

సహాయమును గూర్చి గుడ్విన్ 2001లో ప్రచురించిన మరియొక పరిశీలన మన దయకు అద్దము పట్టునట్టిది. సహాయము రెండు విధములని ఆ బాలలు తెలిపిరి. అవసరమైనచోట, స్నేహముతో, తమ సమ్మతితో చేసిన సహాయము తమను నిలబెట్టునది. అడుగకుండ మీదపడి చేసినది తమ స్వాతంత్ర్యమును హరించి, తమను తమకే తక్కువగా చూపి, ఆటనుండి ఇంకను దూరము చేయునది. చక్రాల కుర్చీని వెనుకనుండి చెప్పకుండ నెట్టుట, అతని చేతిలోని బంతిని తీసికొని అతని బదులు తానే విసరుట ఈ రెండవ విధమునకు ఉదాహరణములు. చేసినవాడు పుణ్యము చేసితినని సంతోషించును. పొందినవానికి ఆ దినము చెడ్డ దినముగా మిగులును.

అరటిపండు

తెలుగు పిల్లల ఆటలలో ఒక చక్కని ఏర్పాటు కలదు. అక్క వెంట నాలుగేండ్ల తమ్ముడు ఆటకు వచ్చును. వానిని పొమ్మన్నచో ఏడ్చును. జట్టులో చేర్చినచో ఆట చెడును. అందుచేత పిల్లలు వానిని 'ఆటలో అరటిపండు' చేయుదురు. వాడు అందరితోపాటు పరుగెత్తును, కేకలు వేయును, దాగుకొనును. కాని వానిని ముట్టుకొన్నను వాడు దొంగ కాడు. వాడు ఔటైనను ఔటు కాదు. నాలుగేండ్లవానికి ఇంతకంటె ముద్దైన ఏర్పాటు లేదు. తాను లెక్కలో లేనని వానికి తెలియదు. తెలిసినను బాధ లేదు, ఏలనన ఇంకొక రెండేండ్లకు వాడును ఆటగాడగును.

పదునాలుగేండ్ల బాలుని అరటిపండు చేసినప్పుడు సంగతి వేరు. అతనికి అంతయు తెలియును. తాను మూడుమార్లు బౌల్డయినను "ఫరవాలేదురా, ఇంకోసారి ఆడు" అని నవ్వుచు బంతిని మెల్లగా విసరుచున్నారని తెలియును. తాను చేసిన పరుగులను చివరకు ఎవ్వరును కూడలేదని తెలియును. తాను ఎన్నటికిని ఆటగాడుగా ఎదగబోనని తోడివారు నిశ్చయించుకొన్నారనియు తెలియును. చెట్టు క్రింద కూర్చుండబెట్టుట కంటికి కనబడు వెలివేత. అరటిపండు చేయుట కంటికి కనబడని వెలివేత. మొదటిది తప్పని అందరును ఒప్పుకొందురు. రెండవదానిని దయ యనుకొందురు. దయయుండియు న్యాయము తప్పిపోవుట ఇచ్చటనే.

ఆటగాడనగా ఎవరు? ఎవని పరుగు లెక్కకు వచ్చునో, ఎవని తప్పును లెక్కకు వచ్చునో అతడు ఆటగాడు. ఔటగుట కూడ ఆటగాని హక్కే. ఆ హక్కును తీసివేసి పరుగులు మాత్రము దానమిచ్చినచో అది ఆట కాజాలదు.

నియమమే ఆట

ఇచ్చట బాలలు సహజముగా ఒక ఆక్షేపణ చేయుదురు: "అతని కొరకు నియమము మార్చినచో అది అసలైన ఆట ఎట్లగును? మా జట్టు ఓడిపోయినచో?" ఈ ఆక్షేపణను కసరి త్రోసివేయరాదు. గెలువవలెనను కోరిక బాలలకు తప్పు కాదు. ఆ కోరిక లేనిచో ఆటయే లేదు. దీనికి సరియైన సమాధానము చెప్పవలెను.

ఆట యనగానేమి? మనుష్యుడు తనకు తాను కోరి విధించుకొన్న అడ్డంకియే ఆట. ఫుట్‌బాలులో చేతులుండియు బంతిని చేత పట్టరాదు. కబడ్డీలో ఊపిరి బిగబట్టి కూత ఆపకుండ పోవలెను. ఖోఖోలో తరుముకొని పోవువాడు వెనుదిరుగరాదు. తొక్కుడుబిళ్ళలో రెండుకాళ్ళు గలవారందరును ఒంటికాలిపై కుంటుదురు. కళ్ళగంతలలో చూపుగలవాడు కన్నులు మూసికొని తడుముకొనును. ఈ అడ్డంకులను తీసివేసినచో ఆట సులభము కాదు, మాయమగును. కావున నియమము ఆకాశమునుండి ఊడిపడినది కాదు; ఆడువారు కూడి చేసికొన్న ఒప్పందము.

ఆ ఒప్పందమును మార్చుకొనుట బాలలకు క్రొత్త కాదు. సందులో క్రికెట్టు ఆడునప్పుడు ప్రహరీ దాటినచో ఔటని నిర్ణయింతురు. బంతి ఒకసారి నేలను తాకిన పిమ్మట ఒంటిచేత పట్టినను ఔటే యందురు. ఫలానా గోడకు తగిలినచో రెండు పరుగులందురు. ప్రక్కయింటి కిటికీ అద్దము కొరకు నియమమును మార్చుకొన్న బాలలు, ప్రక్కబల్ల మీది స్నేహితుని కొరకు మార్చుకొనలేరా? గోడ కొరకు మార్చిన ఆటను అసలైన ఆటగా భావించి దానికొరకు తగవులాడుకొను బాలలకు, మనిషి కొరకు మార్చిన ఆట నకిలీగా తోచుటకు కారణము నియమములో లేదు, చూపులో కలదు.

పెద్దల క్రీడారంగమును ఈ దారినే నడచినది. 1922 ప్రాంతమున ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున అంధులైన కర్మాగార కార్మికులు డబ్బాలో రాళ్ళు వేసి, దాని చప్పుడును బట్టి క్రికెట్టు ఆడిరి. నేడు గలగలలాడు బంతితో ప్రపంచకప్పు పోటీలు జరుగుచున్నవి. అందు పూర్తిగా చూపులేనివారు జట్టులో కనీసము నలుగురుండి తీరవలెను; వారు చేసిన పరుగులు రెట్టింపుగా లెక్కింపబడును. అనగా, చూపులేనివాడు జట్టునకు బరువు కాకుండ బలమగునట్లు నియమమును కూర్చిరి. ఈ క్రీడలో భారత జట్టునకు నాయకుడై 2017, 2018 సంవత్సరములలో ప్రపంచకప్పులను గెలిపించిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి ఆంధ్రప్రదేశ్‌కు చెందినవాడు.

చక్రాల కుర్చీ టెన్నిస్‌లో బంతి రెండుమార్లు నేలను తాకు వరకు కొట్టవచ్చును. కుర్చీలో నున్నవాడు, నిలిచి ఆడువాడు ఎదురెదురుగా నిలిచినచో, కుర్చీలోనివానికి రెండు, నిలిచినవానికి ఒకటి అని నియమము. తక్కినదంతయు ఒకటే. కూర్చుండి ఆడు వాలీబాలులో వల ఎత్తు పురుషులకు 1.15 మీటర్లు, స్త్రీలకు 1.05 మీటర్లు. గోల్‌బాల్ అను క్రీడను రెండవ ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికుల కొరకు 1946లో రూపొందించిరి. జట్టునకు ముగ్గురు, అందరికిని కన్నులకు గంతలు, బంతిలో గంటలు. బంతి చప్పుడు వినబడవలెను గనుక ఆట సాగుచున్నంతసేపు ప్రేక్షకులు మౌనము పాటింపవలెను. వేలమంది కొద్దిమంది ఆటగాండ్ర కొరకు నోరు మెదపక కూర్చుండు క్రీడ అది.

కలిసి యుండుట, కలిసి ఆడుట

వైఖరి ఎట్లు మారును? వికలాంగ బాలుని అదే తరగతిలో చేర్చినంతనే మనస్సులు కలియునని కొందరు తలంతురు. ఇది సంపూర్ణసత్యము కాదు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1954లో ప్రకటించిన గ్రంథమున, ముఖ్యముగా జాతిద్వేషమును గూర్చి విచారించుచు, భిన్నవర్గములవారు ఊరక కలిసికొన్నంత మాత్రమున దురభిప్రాయములు తొలగవని, ఆ కలయికకు కొన్ని లక్షణములుండవలెనని వివరించెను. ఆ వివరణమునుండి గ్రహింపదగినవి నాలుగు: ఇరువురికి సమాన స్థాయి, ఉమ్మడి లక్ష్యము, పరస్పర సహకారము, అధికారములో నున్నవారి మద్దతు. తరువాత ఈ సూత్రమును వికలాంగుల విషయమునకును అన్వయించి పరిశీలించిరి.

ఈ నాలుగింటితో ఆటస్థలమును పరీక్షింపవచ్చును. చెట్టు క్రింద నున్నవానికి సమాన స్థాయి లేదు, అతడు కాపలాదారు. అరటిపండునకు ఉమ్మడి లక్ష్యము లేదు. అతని పరుగు జట్టునకు అక్కరలేదు. ఎప్పుడును సహాయము పొందుటయే గాని చేయుట లేనిచోట పరస్పరత్వము లేదు. ఉపాధ్యాయుడు చూచియు చూడనట్లున్నచో మద్దతు లేదు. ఇట్టి కలయిక ఏండ్ల తరబడి సాగినను తోడివారు నేర్చుకొనునది ఒక్కటే: "అతడు ఆడలేడు." నిత్యము కన్నులయెదుట నున్న దృశ్యమే ఆ దురభిప్రాయమునకు సాక్ష్యమగును.

కొన్ని పాఠశాలలలో వైకల్యముపై అవగాహన కలిగించుటకై విద్యార్థులకు గంతలు కట్టి పది నిమిషములు నడిపింతురు. ఉద్దేశము మంచిదైనను ఇందొక ప్రమాదము కలదు. హఠాత్తుగా చూపు మూసికొన్నవానికి తెలియునది తడబాటు, భయము మాత్రమే. ఏండ్లుగా చూపులేక జీవించుచున్నవాని నేర్పు అతనికి తెలియదు. దాని ఫలితముగా గౌరవమునకు బదులు జాలి పెరుగవచ్చును. గంతలు కట్టినప్పుడు నడిపించుటతో ఆపక, గంటల బంతితో ఆట ఆడించి, అందు అనుభవముగల చూపులేని సహపాఠినే శిక్షకునిగా నిలిపినచో, అప్పుడు తోడివారు అతని లోపమును గాక నేర్పును చూతురు.

విజేతలను గూర్చి ఒక హెచ్చరిక

వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున కూలిపనివారి ఇంట పుట్టిన జీవాంజి దీప్తి మేధోపరమైన వైకల్యముతో పెరిగినది. బాల్యమున తోటివారి హేళనలకు గురియైనది. ఆమె 2024 మే నెలలో జపాన్‌లోని కోబె నగరమున జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి, తన విభాగమున నాటికి ప్రపంచ రికార్డును నెలకొల్పి స్వర్ణము గెలిచినది. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యము పొందినది. అంతకు చాలముందే, 1965 యుద్ధమున గాయపడిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతపోటీలో స్వర్ణము గెలిచి, ఆ క్రీడలలో భారతదేశమునకు మొదటి స్వర్ణమును తెచ్చెను.

ఈ చరిత్రలను బాలలకు తప్పక చెప్పవలెను. కాని చెప్పవలసిన తీరు తెలిసి చెప్పవలెను. "వారు పతకములు తెచ్చిరి, నీవేల తేలేవు?" అని వికలాంగ బాలుని అడుగరాదు. పతకము తెచ్చినవారే గౌరవార్హులని తోడివారికి తోపనీయరాదు. తరగతిలోని తక్కిన నలువది మందిలో పతకము తెచ్చువారెందరు? తేకున్నను వారందరికి ఆడు హక్కు కలదు కదా. సామాన్యముగా ఆడు సామాన్య బాలునికి గల చోటే, సామాన్యముగా ఆడు వికలాంగ బాలునికిని కావలెను.

ఆచరణ

ఉపాధ్యాయుడు చేయవలసిన మొదటిపని అడుగుట. "నీవేమి చేయగలవు? ఏ మార్పు చేసిన ఆడగలవు?" అని ఆ విద్యార్థినే అడుగవలెను. వైద్యుడు వలదన్నదేమో తల్లిదండ్రుల వలన తెలిసికొనవలెను. జాగ్రత్త వేరు, మినహాయింపు వేరు. కబడ్డీ కూడనివానికి ఆటలన్నియు కూడవని అర్థము కాదు.

రెండవది, జట్లను నాయకులచేత ఒక్కొక్కరిగా ఎన్నుకొనజేయు పద్ధతిని మానుట. అందరికంటె చివరకు మిగిలినవాడెవడో నలుగురియెదుట చాటిచెప్పుటకు తప్ప ఆ పద్ధతి వలన ప్రయోజనము లేదు. అంకెలు లెక్కించి విభజించిన చాలును.

మూడవది, వ్యయము లేని మార్పులు. వారమున కకొకనాడు తరగతి యంతయు నేలపై కూర్చుండి, తాడు కట్టి వాలీబాల్ ఆడవచ్చును. రింగు టెన్నిస్‌లో చేతికర్రతో నిలుచువాని వైపు కోర్టును కుదింపవచ్చును. క్రికెట్టులో అతనికి బదులు పరుగెత్తువానిని నియమింపవచ్చును. బ్యాటు మాత్రము అతనిదే, ఔటును అతనిదే. వినికిడి లేనివారున్నచో ఈలతోపాటు రంగు జెండాను ఊపవచ్చును. ఇట్టి మార్పులను ఉపాధ్యాయుడు విధించుటకంటె, ఆ బాలునితో సహా విద్యార్థులందరు కూర్చుండి తామే నిర్ణయించుకొనుట మేలు. తాము చేసికొన్న నియమమును బాలలు తామే కాపాడుకొందురు.

విద్యార్థులు నేర్వవలసినది ఇంకను స్వల్పము. సహాయము చేయుటకు ముందు అడుగుట, వలదన్నచో ఊరకుండుట, అతనినుండి సహాయము పొందుటకును సిగ్గుపడకుండుట, అతడు తప్పు ఆడినచో తోడివానిని అన్నట్లే అతనిని అనుట.

తల్లిదండ్రులకును ఇందు పాత్ర కలదు. దెబ్బ తగులునను భయముతో కొందరు తమ బిడ్డను ఆటల తరగతికి పంపవలదని పాఠశాలను కోరుదురు. ఆ భయము ప్రేమ వలన పుట్టినదే. అయినను మోకాలు గీసికొనని బాల్యము ఏ బిడ్డకును పూర్తి బాల్యము కాదు.

ముగింపు

అదే పాఠశాల, అదే వేపచెట్టు. గంట మ్రోగినది. చేతికర్ర బాలుడు మెల్లగా నడచి వచ్చునప్పటికి జట్లు ఇంకను ఏర్పడలేదు. సహపాఠి "ఎక్కడ నిలబడతావురా?" అని అడిగెను. ఆనాడు అతడు బ్యాటు పట్టెను; అతని బదులు పరుగెత్తుటకు మరియొకడు నిలిచెను. రెండవ బంతికే వికెట్టు పడెను. "నేను సిద్ధంగా లేను, ఇది చెల్లదు" అని అతడు వాదించెను. "చెల్లుతుంది, ఔటంటే ఔటే" అని ప్రత్యర్థులు కేకలు వేసిరి. అతడు కోపముతో బ్యాటును మిత్రునికిచ్చి, గొణుగుకొనుచు చెట్టు క్రిందికి పోయి, తన జట్టువారి ప్రక్కన కూర్చుండెను.

ఆ చెట్టు నీడ మునుపటిదే. కాని నిన్నటివరకు అతడచ్చట కాపలాదారు. నేడు ఔటైన ఆటగాడు.

మననము చేయవలసిన ప్రశ్నలు

1. గది లోపలి పాఠములకంటె ఆటల తరగతియందు సహపాఠుల వైఖరికి ఎక్కువ ప్రాధాన్యమేల కలిగినది?

2. "తరగతిలో నుండనిమ్ము" అనుటకును, "అతని కొరకు నియమము మార్చుకొందుము" అనుటకును గల భేదమేమి?

3. మేలు చేయు సహాయమునకు, కీడు చేయు సహాయమునకు మీ అనుభవమునుండి ఒక్కొక్క ఉదాహరణ మిండు.

4. మీరు బాల్యమున ఆడిన ఒక ఆటను తీసికొని, చూపులేని స్నేహితుడు అరటిపండు కాక నిజమైన ఆటగాడగునట్లు దాని నియమములను మార్చి వ్రాయుడు.

5. మీ ఇంటి బిడ్డ చదువు పాఠశాలలో ఆటల గంటలో చెట్టు క్రింద కూర్చుండువారు కలరా? వారినెవరైనను "ఎక్కడ నిలబడతావు?" అని అడిగిరా?